ఎవరి చెవి వారిదే

ఇది ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా చెప్పడం నా విధి. నా బల్లమీద ఒక రిజిస్టరు ఉన్నది. అందులో ఒక మనిషి పేరుకు ఎదురుగా, ఎర్ర సిరాతో, నా చేతిరాతలో, "మూడవ నియమాన్ని ఉల్లంఘించినందున తొలగించడమైనది" అనే వాక్యం ఉన్నది. దాన్ని చదివినవారెవరైనా ఆయన మమ్మల్ని మోసం చేశాడనే అనుకుంటారు. ఆయన మోసగాడు కాడని తెలిసిన తర్వాత కూడా నేను నాలుగు నెలలు నోరు విప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన లేడు. చెప్పవచ్చునని ఆయన ఇల్లాలు అనుమతి ఇచ్చింది. అందుచేత జరిగినదాన్ని జరిగిన వరుసలో రాస్తున్నాను.

నేను బొగ్గు గనుల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. భూమి పైనుంచి కిందికి, కింద ఒక సొరంగంనుంచి మరొక సొరంగానికి కొలతలు తీసి పటం గీయడం నా ఉద్యోగం. అందులో చేరకముందు వరంగల్లులో ఒక గురువు దగ్గర ఎనిమిదేళ్ళు వాయులీనం నేర్చుకున్నాను. షడ్జమం నెమలిదనీ, పంచమం కోయిలదనీ, మధ్యమం క్రౌంచపక్షిదనీ ఆయన చెప్పేవాడు. "స్వరాలు మనవి కావు, ఆ ప్రాణులవి. తప్పుగా పలికితే వాటికి అవమానం" అనేవాడు. బెత్తం కూడా ఉండేది. ఆ శిక్షణ నాకు మేలు చేసిందనే చాలాకాలం నమ్మాను.

కరోనా రోజుల్లో గోదావరిఖనిలో మా వీధి నిశ్శబ్దమైపోయినప్పుడు, ఎన్నడూ గమనించని పక్షుల కూతలు కిటికీ దగ్గర స్పష్టంగా వినిపించసాగాయి. అప్పుడే నాకు ఆలోచన కలిగింది. సంగీతం తెలిసిన ముగ్గురు పాత పరిచయస్థులతో ఫోనులో ఒక గ్రూపు ఏర్పాటు చేశాను. ఒకామె రామగుండంలో ఉండే రిటైర్డు నర్సు, వీణ వాయిస్తుంది. ఒకాయన గోలేటిలో బొగ్గు కోసి, ఇప్పుడు పత్తి సాగు చేసుకుంటున్న భజన గాయకుడు. నోటికి అదుపు లేనివాడు. మూడవవాడు రిటైరై రామకృష్ణాపూర్‌లో స్థిరపడిన వైండింగ్ ఆపరేటరు. ఈ రచన ఆయన గురించి.

వైండింగ్ ఆపరేటరంటే గనిలోకి మనుషుల్ని దింపే లిఫ్టును, గని పైన ఇంజిన్ గదిలో కూర్చుని నడిపేవాడు. ఆయనకు మనుషులు కనిపించరు. గంటల సంకేతమే ఆధారం. గంట ఒకటి మోగితే ఆపాలి, రెండు మోగితే దింపాలి, మూడు మోగితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. వందల అడుగుల లోతుకు దిగే వందలమంది ప్రాణాలు ఆ ఒక్కడి చెవిమీద వేలాడుతుంటాయి. నేను కూడా ఆయన చేతిమీదుగా ఎన్నో ఏళ్ళు దిగాను, ఎక్కాను. కుదుపు అన్నది ఎరగను. ఉద్యోగంలో చేరకముందు ఆయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నేను మోహన అన్న రాగాన్ని ఆయన భూప్ అనేవాడు, నేను హిందోళమంటే మాల్కౌంస్ అనేవాడు. రిజిస్టరులో రెండు పేర్లూ రాయడానికి నేను అంగీకరించాను.

మా ఆట పద్ధతి ఇది. ఉదయం ఆరున్నరకు వంతు ఉన్నవారు పావు నిమిషం పాటు సాగే ఒక సంగీతపు ముక్కను పంపాలి. అందులో వాద్యమో గొంతో ఏదైనా ఒక పక్షిని అనుకరించి ఉండాలి. మిగిలినవారు ఉదయం ఎనిమిది అయ్యేలోగా మూడు జవాబులు రాయాలి: రాగమేది, తాళమేది, పక్షి ఏది. క్రమశిక్షణ కోసం నేను ఐదు నియమాలు రాసిపెట్టాను. రెండవ నియమం ప్రకారం ముక్క గ్రూపు దాటి బయటికి పోరాదు. మూడవ నియమం ప్రకారం ఎవరి చెవి వారిదే, అంటే ఇంట్లోవారి సాయం తీసుకోరాదు.

ఆ ఉదయాలు మా అందరికీ ప్రాణప్రదమయ్యాయి. ఒకనాడు నర్సమ్మ పడమటి దేశపు వాద్యబృందం ముక్క ఒకటి పంపింది. అందులో క్లారినెట్ రెండే స్వరాలు, పైది, దానికి కిందిది, మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. గోలేటి ఆయన వెంటనే రాశాడు: "ఇది పక్షి ఏంది అక్కా, మా ఇంటి తలుపు గిట్లనే కిర్రుమంటది."

"ఇగ తలుపుకు నూనె పెట్టుకో తమ్మీ. ఇది కోయిల జాతి పిట్ట. వాళ్ళ దేశపుది" అన్నది ఆమె.

వైండింగ్ ఆపరేటరు అప్పుడు రాసినది నాకు గుర్తున్నది: "క్లారినెట్ వాయించినోడు మధ్యల ఊపిరి తీసుకున్నడు. పిట్ట తీసుకోదు. తప్పు వాయించిండు." మేమెవ్వరం ఆ ఊపిరిని గమనించలేదు. మరల విన్నాం. ఉన్నది. అంత సన్నని చెవి ఆయనది. ఆనాడు గోలేటి ఆయన, "భాయ్, నీకు రెండు చెవులేనా, జేబుల ఇంకోటి ఉన్నదా?" అని రాశాడు.

మొదటి రెండేళ్ళలో ఆయన జవాబు తప్పిన సందర్భాలను వేళ్ళమీద లెక్కించవచ్చు. తరువాత మెల్లగా తప్పులు మొదలయ్యాయి. తేనెపిట్టను కోయిల అన్నాడు. చిలుకను కాకి అన్నాడు. జవాబులు ఆలస్యంగా, ఎనిమిదికి ఒక్క నిమిషం ముందు రాసాగాయి. వయసు మీదపడిందని, శ్రద్ధ తగ్గిందని నేను అనుకున్నాను. రెండుసార్లు గ్రూపులోనే హెచ్చరించాను కూడా: "జాగ్రత్తగా విని రాయవలెను. ఊహించి రాయరాదు." ఆయన ప్రతిసారీ ఒకటే సమాధానం ఇచ్చేవాడు: "అట్లనే సర్వే సాబ్." ఒకటి రెండుసార్లు ఫోను చేశాను. ఇల్లాలే ఎత్తి, "బయటికి పోయిన్రు అన్నా" అనేది.

చలికాలంలో ఒక ఉదయం వంతు నాది. వాయులీనంమీద ఒక సన్నని పక్షి పలుకు ఉన్న ముక్కను పంపాను. ఎనిమిదికి కొంచెం ముందు ఆయన దగ్గరనుంచి రాతకు బదులు ఒక మాటల ముక్క వచ్చింది. పొరపాటున రికార్డు బటన్ నొక్కుకుపోయింది. అందులో వినిపించింది ఆయన ఇల్లాలి గొంతు. ఇంట్లో వారు మాట్లాడుకునే దక్కనీలో, చాలా గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్లు చెబుతున్నది.

"కోయల్ నై జీ, కోయల్ నై! ఛోటీ చిడియా హై. బారీక్ బోల్‌రీ. ఊపర్ జాతీ, ఫిర్ నీచే."

కోయిల కాదు, చిన్న పిట్ట, సన్నగా పలుకుతున్నది, పైకి పోయి కిందికి వస్తున్నది అని. అంతలోనే ఆగిపోయింది. చెవిటివాడికి చెప్పినట్లు అని ఇప్పుడు రాస్తున్నాను. ఆనాడు ఆమె గొంతు అంతే పెద్దదని అనుకున్నాను. బటన్ నొక్కుకున్నప్పుడు ఫోను చేసే చిన్న చప్పుడు ఆయనకు ఎందుకు వినిపించలేదన్న ప్రశ్న నాకు తట్టలేదు.

గోలేటి ఆయన ఊరుకునే మనిషి కాడు. "ఓ భాయ్! ఇంట్లనే ఉస్తాద్‌ను పెట్టుకున్నవా? మాకు చెప్పకపోతివి! రేపటిసంది నేను కూడ మా ఆమెను కూసోబెట్టుకుంట. కాకపోతే ఆమెకు కోడి తప్ప వేరే పిట్ట తెల్వది."

నర్సమ్మ నవ్వు బొమ్మ ఒకటి పెట్టింది. నేను నవ్వలేదు. మూడవ నియమాన్ని పూర్తిగా మళ్ళీ ఉటంకించి, సంజాయిషీ అడిగాను. కొంతసేపటికి ఆయన రాశాడు: "తప్పే సర్వే సాబ్. మీరు ఏం చెయ్యాల్నో అది చెయ్యండి."

ఆయన కారణం చెప్పలేదు, క్షమాపణ కూడా కోరలేదు. ఆ మౌనాన్ని నేను పొగరు అనుకున్నాను. ఆయనను తొలగించి, రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను. "సార్, ఆటలోది, మాఫ్ చెయ్యరాదా" అని నర్సమ్మ విడిగా ఫోను చేసి అడిగింది. ఆట కాబట్టే నియమం ముఖ్యమని ఆమెకు పాఠం చెప్పాను. ఆ పాఠం చెప్పినప్పుడు నా గొంతు ఎంత నిండుగా ఉన్నదో తలచుకుంటే ఈనాడు సిగ్గు కలుగుతున్నది.

ఎండాకాలం మొదట్లో రిజిస్టరుకు శుద్ధప్రతి రాయడానికి కూర్చున్నాను. ఒక్కొక్క సభ్యుడి జవాబులను ఒక పుటలో, మూడు నిలువు వరుసల్లో ఎక్కిస్తున్నాను. ఆయన పుట పూర్తి చేసి, వెనుకకు వాలి, ఒక్కసారి పైనుంచి కిందికి చూశాను. కలం పక్కన పెట్టి మరల చూశాను.

మా సర్వే పనిలో ఒక విషయం మొదటి ఏడాదే నేర్పుతారు. కొలతల్లో తప్పు వచ్చినప్పుడు, ఆ తప్పులు ఎలా పడ్డాయో చూడాలి. మనిషి అజాగ్రత్తవల్ల వచ్చిన తప్పులు ఇటు కొన్ని అటు కొన్ని చెదిరిపోయి ఉంటాయి. తప్పులన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉంటే మనిషిని అనకూడదు; పరికరం చెడిందని గ్రహించాలి. ఆ పుటలో తాళం వరుస మొత్తం ఒప్పు. మొదటినుంచి చివరి రోజువరకు ఒక్క తప్పు లేదు. పక్షి వరుసలో గువ్వ, జెముడుకాకి, గుడ్లగూబ, ఇలా గొంతు లోతుగా ఉన్న పక్షులన్నీ ఒప్పు. తేనెపిట్ట, చిలుక, పిగిలిపిట్ట, గొంతు సన్నగా ఉన్నవన్నీ తప్పు. చివరి నెలల్లో కోయిల కూడా తప్పు. పై స్వరాలు ఒక్కొక్కటే ఆయనను విడిచిపోయాయి. అది నా చేతిరాతలోనే, నా వరుసల్లోనే, రెండేళ్ళుగా నా బల్లమీద ఉన్నది. ఇతరుల పటాల్లో ఇటువంటి తప్పు పట్టి కింది ఉద్యోగులను నిలబెట్టి మందలించినవాణ్ణి నేను.

మర్నాడు పొద్దున మంచిర్యాల బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో రామకృష్ణాపూర్ చేరాను. తలుపు తీసింది ఆయన ఇల్లాలు. నన్ను గుర్తుపట్టి, కొంగు తలమీదికి లాక్కుని, పక్కకు జరిగింది.

"రాండ్రి సర్వే సాబ్. ఆయన లోపల ఉన్నరు. పిలిస్తే పలకరు, మీరే ఎదురుంగ పోయి నిలవడండి."

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా నీడ పడగానే తల ఎత్తి, లేచి, నా రెండు చేతులు పట్టుకున్నాడు. మామూలుకన్న పెద్ద గొంతుతో, "సర్వే సాబ్! ఎంత దూరం వచ్చిన్రు! కూసోండి, చాయ్ తాగుదురు" అన్నాడు. నేను సంచిలోంచి కాగితం తీసి రాశాను: "ఎప్పటినుంచి?"

ఆయన ఆ ప్రశ్న చదివాడు. తరువాత ఇల్లాలి వంక చూశాడు. ఆమె చెప్పమన్నట్లు తలూపింది.

"మూడేండ్లయితుంది. ముందుగాల పిట్టలు పోయినయి. తర్వాత ఆడోళ్ళ గొంతులు పోయినయి. ఇప్పుడు గిట్ల" అని అరచేయి బోర్లించి చూపించాడు.

మరి ఆ జవాబులు ఎలా రాసేవారని అడిగాను. ఆమె గోడ దగ్గర ఉన్న చెక్కపెట్టె చూపించింది. దానిమీద ఫోను పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, ఆయన కుడిచేతి ఐదు వేళ్ళూ చెక్కకు ఆనించేవాడట. తాళం వేళ్ళకు అందేది. ఇంజిన్ కదలికను చేతిపిడిలోంచే పసిగట్టిన వేళ్ళవి. ఆమె ఎదురుగా కూర్చుని పాట విని, గాలిలో చెయ్యి ఎత్తుతూ దించుతూ చూపించేదట: స్వరం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ జారింది. ఆ చేతి కదలిక చూసి ఆయన రాగం కట్టేవాడు. పిట్ట పేరు మాత్రం చేతితో చూపడానికి వీలయ్యేది కాదు, ఆమె అరిచి చెప్పినా ఆయనకు అందేది కాదు. సంగీతం ఒక్క ముక్క నేర్వని మనిషి ఆమె. ఆమె చెయ్యి చూసి ఆయన రాగాలు చెప్పిన పుటలో సగానికి పైగా ఒప్పులున్నాయి.

"రోజు పొద్దుగాల గంటన్నర కూసునేటోళ్ళం అన్నా," అన్నది ఆమె. "మిగిలిన దినమంత మాకు మాటలెక్కడివి? నేను చెప్పింది ఆయనకు వినిపియ్యదు. నేను ఒర్రితే ఇంటిముందలోళ్ళు వింటరు, ఈయన వినరు. ఆ గంటన్నరనే మా ముచ్చట. మీరు తీసేసినంక ఈయన ఆరున్నరకు లేసి, తయారై, గీ కుర్చీల కూసుంటరు. నేను చాయ్ పెడ్త. అంతే."

కాగితంమీద "తప్పు నాది. మూడవ నియమం ఈరోజే కొట్టివేస్తాను. రేపటినుంచి మీరు రావాలి" అని రాశాను.

ఆయన చదివి, నవ్వి, తల అడ్డంగా ఊపాడు. "రూలు మార్చకండి సాబ్. మారిస్తే ఎందుకు మార్చిన్రని అడుగుతరు. మీకు అబద్ధం చెప్పొస్తదా? రాదు. నిజం చెప్తరు."

చెబితే తప్పేమిటని రాశాను.

ఆయన స్వరం తగ్గించాననుకుని తగ్గించకుండానే అన్నాడు: "నా గంటల మీద వేలమంది దిగిన్రు, ఎక్కిన్రు. ఇప్పుడు నేను చెవిటోన్నని తెలిస్తే, ముసలోళ్ళు ఒక్కొక్కడు లెక్కపెట్టుకుంటడు. ఈ చెవిటోని చేతులనా మేము దిగింది అనుకుంటరు. డ్యూటీ చేసినన్ని దినాలు నా చెవులు మంచిగనే ఉన్నయి. డాక్టరు సాబ్ ప్రతిసారి చూసిండు. కని ఎవడు నమ్ముతడు? గ్రూపుల దొంగన్నా మంచిదే. ఆ దొంగ ఉత్త ఆటల దొంగ. చెవిటోడంటే చేసిన నౌకరీకి మొత్తం ఇజ్జత్ పోతది." కాగితం నాకు తిరిగి ఇస్తూ, "నేను ఉన్నన్ని దినాలు ఎవరికీ చెప్పకండి. మాటియ్యండి" అన్నాడు.

మాట ఇచ్చాను.

తిరుగు ప్రయాణంలో నాకు ఒక మార్గం తోచింది. ప్రతి ఉదయం ముక్కను గ్రూపుకు పంపిన వెంటనే, విడిగా ఆ దంపతులకు కూడా పంపవచ్చు. జవాబు నాకొక్కడికే రాస్తారు. ఎవరికీ తెలియదు, వారి గంటన్నర వారికి దక్కుతుంది. ఇంత తేలికైన పనికి అడ్డమేమిటని పాఠకులు అడగవచ్చు. అడ్డం రెండవ నియమం. ముక్క గ్రూపు దాటి బయటికి పోరాదు. నేను రాసిన నియమాన్ని నేనే చాటుగా మీరడం నా మనస్సుకు ఒప్పలేదు. బహిరంగంగా మార్చుదామంటే కారణం చెప్పాలి. మాట ఇచ్చి ఉన్నాను. ఈ చిక్కుముడిని విప్పుకుంటూ పదహారు రోజులు గడిపాను. అదే సమయంలో గ్రూపులో ఎవరి జవాబు తప్పినా గోలేటి ఆయన, "ఇంట్ల ఉస్తాద్ లేడా ఏంది?" అని రాస్తూనే ఉన్నాడు. నర్సమ్మ నవ్వుతూనే ఉన్నది. నేను వారిని వారించలేదు. వారిస్తే ఎందుకని అడుగుతారు.

పదిహేడవ రోజు ఉదయం నియమాన్ని పక్కన పెట్టి పంపాను. ఎనిమిది దాటింది, జవాబు లేదు. తొమ్మిదికి ఫోను చేశాను. ఆమె ఎత్తింది.

"దవాఖానల ఉన్నం అన్నా. నాలుగు దినాలాయె. కుడి పక్క చెయ్యి కదుల్తలేదు."

పక్షవాతం. వేళ్ళు ఇక చెక్కపెట్టెమీద దేనినీ పట్టలేవు. దవాఖానకు వెళ్ళి చూశాను. నన్ను గుర్తుపట్టాడు. నేను పంపిన ముక్క గురించి ఆమె సైగలతో చెప్పబోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అలసటో, వద్దనడమో నాకు తెలియదు. ఆ రోజు నేను పంపినది గువ్వ పలుకు. తేలికగా పట్టగలడని ఎంచి పంపాను. ఐదు రోజుల ముందు పంపి ఉంటే పట్టేవాడు.

వానాకాలంలో ఆయన పోయాడు. ఖననం అయిన తరువాత మూడవ నాడు ఇంటికి వెళ్ళాను. పరామర్శకు వచ్చినవారు వెళ్ళేదాకా ఆమె ఆగి, నాతో అన్నది: "అన్నా, మాటిచ్చిన్రు, నిలబెట్టుకున్నరు. ఇగ చాలు. ఆయన దొంగ అని మీ గ్రూపుల అనుకుంటున్నరు. నేను అది మొయ్యలేను. చెవిటోడని అంటే అననియ్యండి. దొంగ అనద్దు."

"చెవుల సంగతి చెబితే ఆయన భయపడినట్లే జరుగుతుందేమో తల్లీ" అన్నాను.

"అడిగినోళ్ళకు నేను జవాబు చెప్త. నౌకరీల ఎన్నడన్న లిఫ్టు కుదిపిండా అని అడుగుత. ఎవడన్న ఉంటె రమ్మనుండ్రి."

ఆ సాయంత్రమే గ్రూపులో అంతా రాశాను. నర్సమ్మ ఫోను చేసి ఆయన ఇల్లాలి నంబరు అడిగింది. రెండు రోజుల తరువాత గోలేటి ఆయన ఒక్క వాక్యం పంపాడు: "సార్, నేను ఎన్నిసార్లు నవ్విన్నో మీ రిజిస్టరుల ఉంటె, అది కూడ రాయుండ్రి." అది నా రిజిస్టరులో లేదు. నవ్వులకు నేను వరుస గీయలేదు. ఆ రోజునుంచి గ్రూపులో ఎవరూ ముక్క పంపలేదు. వంతు ఎవరిదో రిజిస్టరు చూసి చెప్పగలను. చెప్పలేదు.

ఇక చదివేవారికి నా విన్నపం. ఆమె దక్కనీ మాటలను నా చెవికి అందినంతే రాశాను, తప్పులుండవచ్చు. పక్షుల స్థానిక నామాల్లో ఒకటి రెండింటిమీద నాకే సందేహం ఉన్నది. వినికిడి శాస్త్రం నాకు తెలియదు. పుట చూసి నేను చేసిన నిర్ణయాన్ని వైద్యులు పరిశీలించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గనిలో ఆయన నడిపిన లిఫ్టులో దిగినవారూ ఎక్కినవారూ ఇంకా కాసిపేటలో, రామకృష్ణాపూర్‌లో, ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. కుదుపు ఎరగనని నేను రాశాను. అది నా ఒక్కడి అనుభవం. అది తప్పయితే మొహమాటం లేకుండా నాకు తెలియజేయండి, దిద్దుతాను. ఒప్పయితే, దయచేసి ఆమెకు చెప్పండి.